బొమ్మలాటల్లో గూఢచారి: తోలుబొమ్మల తెర నుంచి టెలివిజన్ దాకా

శత్రువు కోటలోకి చాటుగా దూరి, కబురో మనిషినో వస్తువునో చేజిక్కించుకుని బయటపడే సాహసాన్ని బొమ్మల చేత ఆడించే ప్రదర్శనలను గూఢచారి బొమ్మలాటలు అనవచ్చు. టెలివిజన్‌లో వీటికి పేరు తెచ్చినవి 1960లలో ఇంగ్లండులో పిల్లల కోసం తీసిన తీగబొమ్మల ధారావాహికలు. తొమ్మిదేళ్ళ కుర్రవాణ్ణి గూఢచారిగా చూపిన ‘జో 90’ వాటిలో ఒకటి. తెలుగువాళ్ళకు ఈ తరహా కథ అంతకు ఎన్నో తరాల ముందే తోలుబొమ్మలాటలో ఉంది. రాత్రివేళ లంకలో వెతుకులాడే హనుమంతుడు, కోతి వేషాలు వేసుకుని వానరసేనలో కలిసిపోయిన శుకసారణులు, పాతాళంలోని మైరావణుడి కోట, ఇవన్నీ వేగుల కథలే. ఈ రెండు సంప్రదాయాలూ ఒకదాన్నొకటి ఎరగవు. అయినా రెండింటిలోనూ గూఢచారి చిన్నవాడే. కోతిపిల్లంత హనుమంతుడైనా, కళ్ళజోడు పెట్టుకున్న బడిపిల్లవాడైనా, పెద్దవాళ్ళు పట్టించుకోనంత చిన్నవాడు కాబట్టే లోపలికి వెళ్ళగలుగుతాడు. బొమ్మలాటకు ఈ కథ అంత బాగా అతకడానికి కారణం అదే.

చెన్నై నగరానికి ఈ విషయంతో సంబంధం మూడు దారుల్లో ఉంది. బొమ్మలాట కుటుంబాల వివరాలు అచ్చయింది ఇక్కడి మ్యూజియం అధికారి పుస్తకంలో. తెలుగు సినిమా గూఢచారి పుట్టింది ఇక్కడి స్టూడియోల్లో. తెలుగు పిల్లల టీవీ చానల్ ఒకటి నడిచిందీ ఇక్కడి నుంచే.

మద్రాసు మ్యూజియం, బొమ్మలాటవాళ్ళు

1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా కోస్తా, రాయలసీమ జిల్లాలకు రాజధాని మద్రాసే. తెలుగు పల్లెల్లో తిరిగే కళాకారుల సంగతులు కూడా అందువల్ల మద్రాసు కాగితాల్లోకి ఎక్కేవి. ఎగ్మూరులోని ప్రభుత్వ మ్యూజియం 1851లో మొదలైంది. 1885 నుంచి దానికి సూపరింటెండెంటుగా ఉన్న ఎడ్గర్ థర్‌స్టన్, తన సహాయకుడు కె. రంగాచారితో కలిసి దక్షిణ భారతంలోని కులాలు, తెగల మీద ఏడు సంపుటాల గ్రంథం తయారుచేసి 1909లో వెలువరించాడు. ‘కిళ్ళేక్యాత’ అనే పేరు కింద అందులో బొమ్మలాట కుటుంబాల ప్రస్తావన ఉంది. ఇంట్లో మరాఠీ మాట్లాడుతూ, ఊరూరా తిరిగి, తెర కట్టి, తోలుబొమ్మలతో రామాయణ భారత కథలు ఆడేవాళ్ళని అందులో రాశారు. కిళ్ళేక్యాత అన్నది నిజానికి ఆటలోని ఒక తుంటరి హాస్యపాత్ర పేరు. ఆ పేరే ఆడించేవాళ్ళకు అంటుకుంది.

థర్‌స్టన్ పద్ధతిలో ఒక లోటుంది. ఆయనకు మనుషులను వర్గాలుగా పేర్చడం మీద ఉన్న శ్రద్ధ వాళ్ళ ఆట మీద లేదు. ఏ రాత్రి ఏ ఘట్టం ఆడారు, ఏ మాటలు పలికారు, జనం ఎక్కడ నవ్వారు అన్నవి ఆ సంపుటాల్లో వెతికితే దొరికేది తక్కువ. అయినా వందేళ్ళ కిందటి స్థితికి అదొక సాక్ష్యం. ఆంధ్రలోని తోలుబొమ్మలాట కుటుంబాల్లో చాలామంది ఈనాటికీ ఇంట్లో ఆరె మరాఠీ మాట్లాడతారు. తెర ఎక్కితే మాత్రం తెలుగే. తమిళనాడులో తోల్‌పావైక్కూత్తు ఆడే కుటుంబాలదీ మరాఠీ మూలమే.

తెలుగులో బొమ్మలాట ప్రస్తావన అంతకన్నా చాలా పాతది. పాల్కురికి సోమనాథుడి ‘పండితారాధ్య చరిత్ర’లో శివరాత్రి వేడుకల వర్ణనలో బొమ్మలాటలు కనబడతాయి. గోన బుద్ధారెడ్డి ద్విపదలో చెప్పిన ‘రంగనాథ రామాయణం’ తరవాతి కాలంలో తోలుబొమ్మలాటకు ప్రధాన ఆధారమైంది. ద్విపద రెండు పాదాల నడక. పాడుతూ మాట్లాడటానికి, మధ్యలో ఆపి హాస్యం జొప్పించి మళ్ళీ అందుకోవడానికి అంతకంటే వీలైన ఛందస్సు లేదు.

తెర వెనక పని

తోలుబొమ్మలాటలో ప్రేక్షకుడికి బొమ్మ నేరుగా కనబడదు, దాని రంగుల నీడ కనబడుతుంది. మేకతోలును నానబెట్టి, వెంట్రుకలు గీకేసి, లాగి కట్టి ఎండబెడితే వెలుగు దూరేంత పలచనవుతుంది. దాని మీద బొమ్మ గీసి, నగల చోట, అంచుల చోట చిన్న ఉలులతో చిల్లులు పొడుస్తారు. తెర మీద మెరిసే కంటెలూ వడ్డాణాలూ ఆ చిల్లుల్లోంచి వచ్చిన దీపపు వెలుగే. రంగులు రెండు వైపులా వేస్తారు. పూర్వం జింకతోలు కూడా వాడేవారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో ఆ దారి మూసుకుపోయింది.

భుజాలు, మోచేతులు, నడుము, మోకాళ్ళ దగ్గర ముక్కలను దారంతో ముడేసి కదిలేట్టు చేస్తారు. నిలువునా ఒక బద్ద బొమ్మను నిలబెడుతుంది, చేతులకు వేరే పుల్లలుంటాయి. దేశంలోని నీడబొమ్మలన్నిటిలోనూ ఆంధ్ర బొమ్మలే పెద్దవి. కొన్ని ఇంచుమించు మనిషెత్తు ఉంటాయి. అంత పెద్ద బొమ్మకు ఒక తోలు చాలదు. వెలుగుకు మొదట ఆముదం దీపాలు, తరవాత పెట్రోమాక్సు, ఇప్పుడు కరెంటు బల్బు. పాతకాలపు దీపం మినుకు వల్ల నిలబెట్టిన బొమ్మ కూడా ఊపిరి తీస్తున్నట్టు కదిలేది. బల్బు వెలుగు నిలకడైనది, ఆ కదలిక దానికి లేదు. కళ ఎక్కడ నష్టపోయిందని అడిగితే జవాబుల్లో ఇదొకటి. జనం తగ్గడం గురించి రాసినంతగా దీపం మారడం గురించి ఎవరూ రాయరు.

మృదంగం, హార్మోనియం, తాళాలు ఉంటాయి. యుద్ధం వచ్చినప్పుడు కాళ్ళ కింద వేసుకున్న చెక్కపలకలను తొక్కుతారు. గదల దెబ్బలకు ఆ చప్పుడే ఆధారం. స్త్రీపాత్రల మాటలు, పాటలు ఇంటి ఆడవాళ్ళే అందుకుంటారు. కథ నడుస్తుండగా జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు దూసుకొచ్చి ఊరి పెద్దను, పక్కింటి గొడవను, ధరలను ఎత్తిపొడుస్తారు. ఈ హాస్యం చాలాసార్లు మోటుగా ఉంటుంది. తోలుబొమ్మలాట పిల్లల ఆట కాదు. తెల్లవార్లూ ఊరంతా కూర్చునే ఆట, అందులో పిల్లలూ ఉంటారు. బొమ్మలంటే పిల్లలకేనన్న లెక్క టెలివిజన్‌తో వచ్చింది.

గూఢచారి కథకు అవసరమైన పని ఒకటి తోలుబొమ్మకు పుట్టుకతోనే వచ్చు. అది రూపం మార్చడం. ఒక్కో ముఖ్యపాత్రకు ఒకటి కంటే ఎక్కువ బొమ్మలుంటాయి. చిన్న హనుమంతుణ్ణి తెర అంచు నుంచి తప్పించి, మరుక్షణం పెద్ద హనుమంతుణ్ణి నిలిపితే చాలు, ప్రేక్షకుడు ఒప్పుకుంటాడు. బొమ్మను తెరకు ఆనిస్తే గీతలు స్పష్టంగా కనబడతాయి. దీపం వైపు జరిపితే నీడ పెరిగి మసకబారుతుంది. మాయమవడం, మారువేషం, దేహం పెరగడం, ఇవన్నీ సినిమా ట్రిక్కు ఫొటోగ్రఫీకి కష్టపడి అబ్బిన విద్యలు. తెర వెనక కూర్చున్న సూత్రధారికి అవి చేతి పని.

మూడు వేగుల ఘట్టాలు

మొదటిది సుందరకాండ. హనుమంతుడు లంకలో పగలు అడుగు పెట్టడు. పొద్దు గూకేదాకా ఆగి, వాల్మీకి చెప్పినట్టు పిల్లి అంత దేహంతో లోపలికి వెళతాడు. ఇల్లిల్లూ వెతుకుతాడు. సీత కనబడ్డాక తాను రాముడి మనిషినని నమ్మించడానికి ఉంగరం చూపి, తిరిగి వెళ్ళి చూసివచ్చానని నమ్మించడానికి చూడామణి తీసుకుంటాడు. పట్టుబడటం కూడా అతనికి పనిలో భాగమే. కావాలనే కట్టుబడి రావణుడి కొలువు, బలగం చూస్తాడు. వేగు పనికి ఏమేం కావాలో అన్నీ ఇక్కడున్నాయి: చీకటి, మారురూపు, గుర్తు, తిరుగుదారి. తోలుబొమ్మలాటలో లంకాదహనం అంత ఆదరణ పొందడానికి తోకమంట ఒక కారణం. వెలుగే ముడిసరుకైన ఆటలో ఊరు తగలబడే ఘట్టం కంటే జనాన్ని పట్టి ఉంచేది ఏముంటుంది!

రెండోది యుద్ధకాండలోది. ఇందులో వేగులు శత్రుపక్షం వాళ్ళు. సేన లెక్క తెలుసుకురమ్మని రావణుడు పంపితే శుకుడు, సారణుడు వానర రూపాల్లో కలిసిపోతారు. విభీషణుడు వాళ్ళను గుర్తు పడతాడు. రాముడు శిక్షించడు. చూడాల్సింది మిగిలి ఉంటే చూసి వెళ్ళమని చెప్పి వదిలేస్తాడు. గూఢచర్యానికి ఇంత ధీమాగా జవాబిచ్చిన సన్నివేశం మన కథల్లో మరొకటి కనబడదు. ఆడించేవాళ్ళకు ఇదొక సదుపాయం కూడా. సారణుడు తిరిగి వెళ్ళి ఒక్కొక్క వానర వీరుణ్ణి రావణుడికి వేలు పెట్టి చూపుతుంటే, పెట్టెలోని బొమ్మలన్నిటినీ వరసగా తెర మీదికి తీసుకురావచ్చు.

మూడోది అన్నిటికంటే మంచిది, వాల్మీకంలో లేనిది. మైరావణ చరిత్ర. ఆనంద రామాయణంలోనూ, బెంగాలీ కృత్తివాస రామాయణంలోనూ, తెలుగు తమిళ జానపద కథల్లోనూ ఇది రకరకాలుగా ఉంది. రావణుడికి దిక్కుతోచని స్థితిలో పాతాళాన్నేలే మాయావి మైరావణుడు సాయానికి వస్తాడు. రామలక్ష్మణులను ఎత్తుకుపోయి కాళికి బలి ఇస్తానంటాడు. ఆ సంగతి విభీషణుడికి తెలుస్తుంది. హనుమంతుడు తన తోకను చుట్టలు చుట్టలుగా పేర్చి కోట కట్టి, రామలక్ష్మణులను లోపల పెట్టి వాకిట కూర్చుంటాడు. విభీషణుడు కావలి తిరిగి చూడటానికి వెళతాడు. మైరావణుడు ఆ విభీషణుడి రూపంలోనే వచ్చి, లోపల అంతా సరిగ్గా ఉందో లేదో చూసి వస్తానంటాడు. హనుమంతుడు దారి ఇస్తాడు. కాసేపటికి అసలు విభీషణుడు వస్తే హనుమంతుడు తెల్లబోతాడు: ఇందాకే కదా లోపలికి వెళ్ళావు? అప్పటికి ఇద్దరు రాజకుమారులూ మత్తులో పాతాళం చేరిపోయి ఉంటారు.

ఈ కథలోని తెలివి ఇక్కడే ఉంది. కోటకు లోపమేమీ లేదు, కాపలావాడూ నిద్రపోలేదు. తెలిసిన ముఖాన్ని నమ్మడమే పొరపాటు. ఇరవయ్యో శతాబ్దపు గూఢచారి కథల్లో సగం ఈ ఇరుసు మీదే తిరుగుతాయి.

తరవాతది హనుమంతుడి వంతు. తామరతూడు గుండా పాతాళానికి దిగుతాడు. వాకిట కావలి ఉన్న మత్స్యవల్లభుడు ఎంత కొట్టినా పడడు. వివరం అడిగితే హనుమంతుడి కొడుకునని చెబుతాడు. సముద్రం మీద రాలిన హనుమంతుడి చెమటబొట్టును మింగిన చేపకు పుట్టినవాడు. తండ్రీ కొడుకులు ఒకరినొకరు తెలుసుకున్నా, కొడుకు కొలువు ధర్మం కొడుకుది. ఆ సంకటాన్ని ఒక్కో బృందం ఒక్కోలా తీరుస్తుంది. లోపల మైరావణుడి అక్కచెల్లెళ్ళ వరస అయిన దుర్దండి నీళ్ళు మోస్తూ ఏడుస్తుంటుంది. ఆమె కొడుకు నీలమేఘుణ్ణి మైరావణుడు బంధించాడు. హనుమంతుడు ఆమెతో ఒప్పందం చేసుకుని, దేహం కుదించుకుని, ఆమె నీళ్ళకుండతో పాటే కోటలోకి వెళ్ళిపోతాడు. మైరావణుడి ప్రాణాలు అతని ఒంట్లో ఉండవు, వేరే చోట దాచిన తుమ్మెదల్లో ఉంటాయి. ఆ గుట్టు చెప్పేదీ దుర్దండే. తుమ్మెదలు నలిగితే మైరావణుడు కూలతాడు. పాతాళానికి నీలమేఘుడు రాజవుతాడు. కొన్నిచోట్ల ఆ పట్టం మత్స్యవల్లభుడికి దక్కుతుంది.

అపహరణ, దొంగ ముఖం, రహస్య మార్గం, శత్రుశిబిరంలో అసంతృప్తి చెందిన మనిషి, దాచిన ఆయువుపట్టు. పిల్లల సాహస ధారావాహికలో ఒక భాగానికి ఇంతకంటే బిగువైన అల్లిక ఎవరూ రాయలేదు. సుందరకాండకు దక్కిన పేరు దీనికి దక్కకపోవడానికి కారణం ఇది పండితుల రామాయణంలో లేకపోవడమే తప్ప కథలో తక్కువతనం కాదు.

స్లౌ పట్టణపు తీగబొమ్మలు

లండన్ పడమటి పక్కన ఉన్న స్లౌ పారిశ్రామిక వాడలో జెర్రీ ఆండర్సన్ (1929–2012), సిల్వియా ఆండర్సన్ (1927–2016) దంపతులు బొమ్మల ధారావాహికలు తీశారు. జెర్రీ మొదట్లో బొమ్మలంటే ఇష్టంతో ఈ పనికి రాలేదు. 1957లో ఆర్థర్ ప్రావిస్‌తో కలిసి పెట్టిన కంపెనీకి దొరికిన పని అది. చేతికొచ్చిన పనినే సినిమా స్థాయికి తీసుకెళ్ళాలన్న పట్టుదలతో ‘సూపర్‌కార్’ (1961), ‘ఫైర్‌బాల్ ఎక్స్‌ఎల్5’ (1962), ‘స్టింగ్‌రే’ (1964), ‘థండర్‌బర్డ్స్’ (1965) వరసగా తీశాడు. ‘థండర్‌బర్డ్స్’లో లండన్ ఏజెంటు లేడీ పెనెలొపీ గులాబీరంగు రోల్స్ రాయిస్ కారులో తిరిగే గూఢచారిణి. కారు నడిపే పార్కర్ పూర్వాశ్రమంలో పెట్టెలు పగలగొట్టే దొంగ. పిల్లలకు ఆ ఇద్దరూ అసలు నాయకుల కంటే ఎక్కువ నచ్చారు.

వీళ్ళ బొమ్మలు సుమారు 22 అంగుళాల ఎత్తు. పైనుంచి సన్నని టంగ్‌స్టన్ తీగలతో ఆడించేవారు. ఆ తీగలు బొమ్మను మోయడమే కాక కరెంటునూ మోసేవి. ముందే రికార్డు చేసిన సంభాషణ విద్యుత్ స్పందనలుగా మారి, బొమ్మ తలలోని అయస్కాంత పరికరాన్ని చేరి పెదవిని కదిలించేది. ఆ పరికరం తలలో పట్టడానికే తల పెద్దదిగా చేయాల్సి వచ్చింది. ‘కెప్టెన్ స్కార్లెట్’ (1967) నాటికి దాన్ని ఛాతీలోకి దించారు. తల చిన్నదై బొమ్మ అచ్చం మనిషి కొలతల్లోకి వచ్చింది. కొలతలు కుదిరాయి కానీ ముఖాల్లో పాత చిలిపితనం పోయిందన్న మాట అభిమానుల్లో ఇప్పటికీ ఉంది, అది నిజమే.

పెదవి కోసం ఇంత శ్రమ పడటం తోలుబొమ్మలాటవాళ్ళకు వింతగా ఉంటుంది. తోలుబొమ్మకు పెదవి కదలదు. ఎవరి చెయ్యి ఆడితే వాళ్ళు మాట్లాడుతున్నట్టు. జనానికి అది చాలు. ఆండర్సన్ బృందాన్ని చివరిదాకా వేధించిన ఇబ్బంది నడక. తీగబొమ్మ నడిస్తే కాలు నేలకు ఆనదు, తేలుతుంది. అందుకే వాళ్ళ కథల్లో అందరూ వాహనాల్లోనే ఉంటారు, కుర్చీలు సైతం జారుతుంటాయి. యంత్రాలంటే మోజు పుట్టించిన ఆ ధారావాహికల్లో యంత్రాలు అన్నేసి ఉండటానికి సగం కారణం బొమ్మలు నడవలేకపోవడమే. నమూనా విమానాల పేలుళ్ళను వేగంగా తిరిగే కెమెరాతో తీసి, బరువైనవిగా కనబడేట్టు చేసిన డెరెక్ మెడ్డింగ్స్ తరవాత జేమ్స్ బాండ్ సినిమాలకు పనిచేశాడు. బొమ్మల గూఢచారి దగ్గర నేర్చిన విద్య మనుషుల గూఢచారికి ఉపయోగపడింది.

‘జో 90’ 1968 సెప్టెంబరు 29న మొదలైంది, మొత్తం 30 భాగాలు. తొలి భాగం పేరుకు అర్థం ‘అతి ప్రత్యేక ఏజెంటు’. దాన్ని ఆండర్సన్ దంపతులు రాయగా డెస్మండ్ సాండర్స్ దర్శకత్వం వహించాడు. ప్రొఫెసర్ మెక్‌క్లెయిన్ తన పల్లెటూరి ఇంటి కింద ‘బిగ్ ర్యాట్’ అనే యంత్రం కట్టాడు. అది ఒకరి మెదడులోని జ్ఞానాన్ని రికార్డు చేసి మరొకరికి ఎక్కిస్తుంది. పెంపుడు కొడుకు జో మీద పరీక్షిస్తాడు. ప్రొఫెసర్ స్నేహితుడు శామ్ లూవర్ ప్రపంచ గూఢచార సంస్థ మనిషి. ఇద్దరూ కలిసి ఆ సంస్థ అధికారి షేన్ వెస్టన్ ముందు కూర్చుంటారు. వెస్టన్ ఒక ఊహ చెబుతాడు. తొమ్మిదేళ్ళ పిల్లవాడికి రష్యన్ పైలట్ నైపుణ్యం ఎక్కించి, ఆ దేశపు కొత్త యుద్ధవిమానం దగ్గరికి పంపితే? తెర మీద జో ఆ విమానం ఎక్కుతాడు, వెంట తరిమేవాళ్ళతో పోరాడి ఇంగ్లండు చేరతాడు. అంతా అయ్యాక తెలుస్తుంది, ఇది జరగలేదు, వెస్టన్ అల్లిన కథ మాత్రమే. పిల్లవాణ్ణి ఇలాంటి పనికి వాడతారా అని మండిపడ్డ తండ్రి చివరికి ఒప్పుకుంటాడు.

ఇక్కడ మెచ్చుకోవాల్సింది ఒకటుంది, తప్పుపట్టాల్సింది ఒకటుంది. సాహసమంతా చూపించి అది ఊహ అనడం పిల్లల కార్యక్రమంలో తెగువ. చూసినవాళ్ళలో కొందరికి మోసపోయినట్టు ఉంటుంది, కానీ ఏజెంటు అనేవాడు ముందు కథగా పుట్టి తరవాత మనిషవుతాడన్న ఎరుక అందులో ఉంది. తప్పు ఏమిటంటే, తండ్రి అభ్యంతరాన్ని నిమిషంలో కరిగించేశారు. పసివాడి చేతికి తుపాకీ ఇవ్వడం గురించి ఆ ధారావాహిక మళ్ళీ పెద్దగా ఆలోచించదు. జో బడిపెట్టెలో పుస్తకాల చాటున తుపాకీ ఉంటుంది. అతని కళ్ళజోడులోని ఎలక్ట్రోడ్లే ఎక్కించిన జ్ఞానాన్ని మేలుకొలుపుతాయి. తీసేస్తే మామూలు పిల్లవాడు. సోడాబుడ్డి కళ్ళజోడని బడిలో ఏడిపించే వస్తువునే ఆయుధం చేయడం రచయితల మంచి ఊహ.

జో తరవాత వచ్చిన ‘ది సీక్రెట్ సర్వీస్’ (1969) మన హనుమంతుడికి ఇంకా దగ్గర. ఫాదర్ అన్విన్ అనే పల్లె పాదిరి నిజానికి గూఢచారి. ఒక పుస్తకంలో దాచిన యంత్రంతో తోటమాలి మాథ్యూను చిన్న బొమ్మంత చేసి పెట్టెలో పెట్టుకు తీసుకెళతాడు. కోటలో దూరేది మాథ్యూ. దూరపు దృశ్యాల్లో హాస్యనటుడు స్టాన్లీ అన్విన్ స్వయంగా నడిచి, దగ్గరి దృశ్యాల్లో ఆయన పోలిక బొమ్మ మాట్లాడుతుంది. నడక సమస్యకు చివరికి దొరికిన పరిష్కారం అది! అన్విన్ ప్రత్యేకత అర్థంలేని మాటలను అర్థమున్నట్టు గలగలా దొర్లించడం. మొదటి భాగం చూసిన నిర్మాత లూ గ్రేడ్ అమెరికాలో ఇది ఎవరికీ అర్థం కాదని ఆపించాడు. 13 భాగాలతో ముగిసింది. ఆండర్సన్ తీగబొమ్మల కాలం దానితోనే అయిపోయింది.

మద్రాసు తెరల మీద

స్లౌలో ఈ బొమ్మలు ఎగురుతున్న రోజుల్లో మద్రాసులో తెలుగు గూఢచారి మనిషి రూపంలో వచ్చాడు. 1966లో డూండీ నిర్మాణంలో, ఎం. మల్లికార్జునరావు దర్శకత్వంలో కృష్ణ నటించిన ‘గూఢచారి 116’ విడుదలైంది. కథానాయిక జయలలిత. ఆ సినిమా విజయంతో కృష్ణకు ఆంధ్రా జేమ్స్ బాండ్ అన్న పేరు స్థిరపడింది. పిల్లలకు మాత్రం సాహసం అచ్చులోనే దొరికేది. 1947 జులైలో మొదలైన చందమామ వడపళని నుంచి వెలువడేది. దాసరి సుబ్రహ్మణ్యం ధారావాహికల్లో కోటలు, మాంత్రికులు, మారువేషాలు నెలనెలా సస్పెన్సులో ఆగేవి. మైరావణుడి పాతాళానికి ఆ కోటలు బంధువులే.

మద్రాసు సినిమాలో గుర్తుండిపోయిన మాట్లాడే బొమ్మ వెంట్రిలాక్విజం బొమ్మ. కె. బాలచందర్ 1977లో తమిళంలో ‘అవర్‌గళ్’ తీసి, 1979లో తెలుగులో ‘ఇది కథ కాదు’గా మళ్ళీ తీశాడు. జయసుధ, చిరంజీవి, కమల్ హాసన్ నటించారు. కమల్ పాత్ర తన మనసులోని మాటను నాయికకు చెప్పలేడు, ఒళ్ళో కూర్చున్న జూనియర్ అనే బొమ్మ చెప్పేస్తుంది. బొమ్మ గూఢచారి కాదు, ద్రోహి. యజమాని గుట్టు బయటపెట్టడమే దాని పని.

మద్రాసు దూరదర్శన్ 1975 ఆగస్టు 15న మొదలైంది. బొమ్మలాటవాళ్ళు, సినిమా సాంకేతికులు, పిల్లల కథల రచయితలు, అందరూ ఒకే నగరానికి అందుబాటులో ఉన్నా వాళ్ళను ఒక గదిలో కూర్చోబెట్టినవాళ్ళు లేకపోయారు. తోలుబొమ్మలాట కుటుంబాలను టీవీ ‘జానపద కళలు’ అనే అరలో పెట్టింది. ఒక పాట, ఒక యుద్ధం, ఒక నమస్కారం. వారం వారం సాగే కథ వాళ్ళ చేతికి ఇవ్వలేదు. రాత్రంతా కథ నడపగల మనుషుల చేత కాసేపు నమూనా ఆడించడం తెలివైన పని కాదు.

కేబుల్ వచ్చాక సన్ నెట్‌వర్క్ చెన్నై నుంచి 2007లో తమిళ పిల్లలకు చుట్టి టీవీ, 2009లో తెలుగు పిల్లలకు ఖుషీ టీవీ నడిపింది. చుట్టి టీవీలో పిల్లలు విరగబడి చూసిన ‘జాకీ చాన్ అడ్వెంచర్స్’లో సెక్షన్ 13 అనే రహస్య సంస్థ ఉంది. అంటే గూఢచారి కథకు ఆదరణ లేక కాదు. డబ్బింగు చౌక. విదేశీ యానిమేషన్ హక్కులు కొంటే రచయిత, గొంతులు, ఒక రికార్డింగు గది చాలు. చెన్నైలో డబ్బింగు పనితనానికి కొదవ లేదు. బొమ్మల ధారావాహికకు వడ్రంగి కావాలి, దర్జీ కావాలి, ఆడించేవాళ్ళు కావాలి, నిమిషం దృశ్యానికి పూటల కొద్దీ పని కావాలి. ఈ లెక్క ముందు కళ ఓడిపోయింది. 2006లో హిందీలో వచ్చిన ‘గలీ గలీ సిమ్ సిమ్’ లాంటి పెద్ద బొమ్మల కార్యక్రమం వెనక సిసమీ వర్క్‌షాప్ అనే అంతర్జాతీయ సంస్థ ఉంది. చెన్నై నుంచి తెలుగు బొమ్మలకు అలాంటి అండ దొరకలేదు.

నేటి స్థితి

ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట (పూర్వం అనంతపురం జిల్లా, 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా) తోలుబొమ్మలకు ఇప్పుడు ముఖ్య కేంద్రం. కాకినాడ దగ్గరి మాధవపట్నంలోనూ కుటుంబాలున్నాయి. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక సూచిక గుర్తింపు 2008లో వచ్చింది. నిమ్మలకుంట కళాకారుడు దళవాయి చలపతిరావును 2020లో పద్మశ్రీ వరించింది. అయితే ఊరికి అన్నం పెడుతున్నది ఆట కాదు. దీపాల గుడ్డలకు బదులు తోలు తొడుగులు, గోడ అలంకారాలు, తలుపు తెరలు అమ్ముడవుతున్నాయి. బొమ్మ గీసే చెయ్యి బతికింది, బొమ్మను మాట్లాడించే గొంతు తగ్గుతోంది. చలపతిరావు తరం తరవాత రాత్రంతా మైరావణ కథ నడపగలిగేవాళ్ళు ఎందరుంటారన్నది అసలు ఆందోళన. బొమ్మను మ్యూజియంలో దాచవచ్చు. సందర్భాన్ని బట్టి పుట్టే మాటను రికార్డు చేయకపోతే దాచే చోటు లేదు.

చెన్నైలో ఉన్న తెలుగు కుటుంబాలు పిల్లలను ఎగ్మూరు మ్యూజియానికి తీసుకెళితే మానవశాస్త్ర విభాగంలో తోలుబొమ్మలను దగ్గరగా చూడవచ్చు. 1996లో ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద ముట్టుకాడు దగ్గర తెరిచిన దక్షిణచిత్రలో కూడా బొమ్మలాటకు చోటుంది. ప్రదర్శన ఉన్న రోజు ముందుగా కనుక్కుని వెళ్ళడం మంచిది. అవకాశముంటే ఆడించేవాళ్ళను లంకాదహనం కాక మైరావణ చరిత్ర ఆడమని అడగండి. అడిగేవాళ్ళు లేకనే ఆ కథ పెట్టెలో ఉండిపోతోంది.